పొయ్యి ముందొచ్చింది, వంట తర్వాతొచ్చింది

1955లో అమెరికాలో టాపన్ కంపెనీ ఇళ్ల కోసం మొదటి మైక్రోవేవ్ ఓవెన్ అమ్మకానికి పెట్టింది. ధర 1,295 డాలర్లు. దానికి ఒక చిన్న సొరుగు ఉండేది, వంటల కార్డులు దాచుకోవడానికి. ఆ ఓవెన్ మొత్తంలో నాకు ముఖ్యమనిపించేది ఆ సొరుగే. కట్టెల పొయ్యి మీద వండిన చెయ్యి గ్యాసు పొయ్యికి ఇట్టే అలవాటు పడింది. మైక్రోవేవ్‌లో మంట కనబడదు, గిన్నె కింద సెగ ఉండదు, కలపడానికి గరిటె పెట్టే వీలూ లేదు. చూసి, వాసన పట్టి, చప్పుడు విని వండే మనిషికి ఏదో ఒక ఆధారం కావాలి కదా.

ఓవెన్ పుట్టుక మాత్రం వంటింటికి చాలా దూరంలో జరిగింది. రేథియాన్ కంపెనీలో రాడార్లకు వాడే, మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ల మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ జేబులో తినుబండారం కరిగిపోయిందని, ఆయన వెంటనే మొక్కజొన్న గింజలు తెప్పించి పేలాలు చేశారని చెప్పుకుంటారు. పెద్ద చదువు లేని మనిషి, చేత్తో నేర్చుకున్న ఇంజినీరు. 1945లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1947లో వచ్చిన వాళ్ల మొదటి ఓవెన్ రాడారేంజ్ నిలువెత్తు బీరువా అంత ఉండేది, బరువు 340 కిలోలు. అది హోటళ్లకే. వంటగట్టు మీద పట్టే ఓవెన్‌ను 1967లో అమానా 495 డాలర్లకు తెచ్చింది.

అసలు పని అప్పుడు మొదలైంది. అమెరికాలో హోమ్ సైన్స్ చదివిన మహిళలు కంపెనీల వంటశాలల్లో వండి చూసి, నిమిషాలు లెక్కగట్టి కొనేవాళ్లకు నేర్పారు. పేటెంటులో వాళ్ల పేర్లు ఉండవు గానీ ఇవాళ మనం పాటించే నియమాలు ఇలాంటి చేతుల మీదుగానే వచ్చాయి. ముక్కల్లో లావుగా ఉన్న వైపు పళ్లెం అంచుకు, సన్నని కొస మధ్యకు పెట్టాలి. తరంగాలు పదార్థంలోకి కొద్ది సెంటీమీటర్లే దిగుతాయి, లోపలి భాగం వేడి పాకి ఉడకాలి. అందుకే ఓవెన్ ఆగాక కూడా గిన్నెను కాసేపు మూతతో వదలాలి. ఒక బంగాళాదుంపకు పట్టే సమయం నాలుగింటికి చాలదు. గ్యాసు మీద ఈ లెక్కలు అడగం, ఇక్కడ అడగకపోతే కూర ఒకవైపు ఎండిపోతుంది, ఇంకోవైపు పచ్చిగా ఉంటుంది.

1986 నాటికి అమెరికాలో ఎన్నో ఇళ్లకు ఓవెన్ చేరింది. మరుసటి ఏడు బార్బరా కాఫ్కా రాసిన ‘మైక్రోవేవ్ గోర్మే’ వచ్చింది. చల్లారిన అన్నం వేడి చేసుకునే పెట్టె అనే చిన్నచూపును పక్కన పెట్టి, రిసోట్టో (ఇటలీ అన్నం వంటకం) లాంటి వంటలను అందులోనే మొదలుపెట్టి పూర్తిచేసే పద్ధతి చూపించారామె. 1990లో జూలీ సాహ్నీ ‘మొగల్ మైక్రోవేవ్’తో మన వంటలను అందులోకి తెచ్చారు. తర్వాత తర్లా దలాల్, నీతా మెహతా ఇక్కడి వాళ్ల కోసం పుస్తకాలు రాశారు.

మన వంటకు ఇది సులభమైన ప్రయాణం కాదు. నీళ్లున్న పదార్థం త్వరగా వేడెక్కుతుంది, ఉత్త నూనె అంత తొందరగా వేడెక్కదు. కనుక పోపులో ఆవాలు చిటపటలాడాలంటే స్టవ్ మీది మూకుడే మేలు. వంకాయ మగ్గించడానికి, ఆకుకూర ఉడికించడానికి ఓవెన్ చక్కగా పనికొస్తుంది. అప్పడమైతే చుక్క నూనె లేకుండా నిమిషంలోపే పొంగుతుంది. మధ్యలో తెల్లబారకుండా పచ్చిగా మిగిలిన చోటును ఓసారి తిప్పి పెడితే అదీ కాలుతుంది.

మంచి పుస్తకం ఏదో తెలుసుకోవాలంటే పదార్థాల జాబితా కంటే ముందు వాట్లు రాశారేమో చూడండి. 700 వాట్ల ఓవెన్‌కు 5 నిమిషాలు రాసిన కూరకు 1000 వాట్ల దానిలో సుమారు మూడున్నర నిమిషాలు చాలు. వాట్ల ఊసే లేకుండా నిమిషాలు మాత్రం రాసిన పుస్తకాన్ని నేనైతే కొనను.