శిథిలంగా ఉంచిన గుడి

కంబోడియాలో అంగ్‌కోర్ చూడబోయినవాళ్లు తా ప్రోమ్ చూడకుండా తిరిగిరారు. పైకప్పుల మీదుగా జారి నేలలోకి దిగిన వేళ్లు, కూలిన రాళ్లగుట్టలు, వాటి నడుమ నిలబడ్డ మహావృక్షాలు. 2001లో వచ్చిన 'టూంబ్ రైడర్' సినిమా పుణ్యమా అని ఆ దృశ్యం లోకమంతటికీ తెలిసిపోయింది. మనుషులు వదిలేసిన గుడిని అడవి మింగేసిందనీ, ఎవరూ చెయ్యి పెట్టకపోబట్టి అది అలాగే మిగిలిందనీ చూసినవాళ్లు అనుకుంటారు. ఆ అనుకోవడంలో సగమే నిజం. చెట్లు వాటంతటవే మొలిచాయి. వాటిని అలా నిలిపి ఉంచింది మాత్రం ఇరవయ్యో శతాబ్దపు మనుషుల నిర్ణయం.

1907లో సియాం (నేటి థాయిలాండ్) ఈ ప్రాంతాన్ని ఫ్రెంచివాళ్లకు వదులుకున్నాక, ఫ్రెంచి పురాతత్వవేత్తలు అంగ్‌కోర్ గుళ్ల మీది అడవిని నరికించే పని చేపట్టారు. తా ప్రోమ్‌ను మాత్రం దొరికినది దొరికినట్టు ఒక నమూనాగా ఉంచాలనుకున్నారు. ఏమీ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమేనా అని ఎవరైనా అడగవచ్చు. కానీ వాళ్లేమీ చేయకుండా ఊరుకోలేదు. పొదలు కొట్టించారు, దారులు తీయించారు, ఒరిగిన గోడలకు ఊతాలు పెట్టించారు. ఆ పని ఏటేటా సాగకపోతే ఆ ఉక్కపోత దేశంలో కొన్ని వానాకాలాలు గడిచేసరికి గుమ్మం కూడా కనిపించదు. గోపురం మీద రావి మొక్క మొలిస్తే పీకేయాలని మన ఊళ్లలో పెద్దలు తొందరపడేది ఊరికే కాదు. తా ప్రోమ్‌లో సున్నం, బంక లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇసుకరాళ్ల సందుల్లోకి వెంట్రుకంత వేరు దూరుతుంది. అది లావెక్కే కొద్దీ రాళ్లు ఎడమవుతాయి. విచిత్రమేమంటే, ఎడమైన రాళ్లను కొన్నేళ్ల తర్వాత పట్టి ఉంచేదీ ఆ వేరే. చెట్టును కొట్టేస్తే వేరు కుళ్లిపోయి ఆ చోటు బోలుగా మిగులుతుంది, గోడ కూలుతుంది.

అడవి కథకు అలవాటుపడ్డ కంటికి ఆనని సంగతి మరొకటుంది. ఈ గుడిలోని 1186 నాటి సంస్కృత శాసనం ప్రకారం ఏడవ జయవర్మ అనే రాజు దీన్ని తన తల్లి పేర, ఆమె రూపంలోని ప్రజ్ఞాపారమిత అనే బౌద్ధ దేవతకు కట్టించాడు. అప్పటి పేరు రాజవిహారం. లోపల ఉండేవాళ్లు 12,640 మంది, అందులో నాట్యగత్తెలే 615 మంది. సేవకు కట్టుబడినవాళ్లు 79,365 మంది, వాళ్ల ఊళ్లు 3,140. రాజుగారి శాసనం కదా, గొప్పలు పోకుండా ఉంటుందా అన్న అనుమానం న్యాయమైనదే. సుమారు కిలోమీటరు పొడవు, 650 మీటర్ల వెడల్పున్న ప్రాకారంలో అంతమంది పట్టడం కష్టమే. అయితే 2012లో విమానం నుంచి లేజరు కిరణాలతో తీసిన కొలతల్లో ఆ ప్రాకారం లోపల చెట్ల కింద ఇళ్ల దిబ్బలు, చెరువులు వరసలు తీరి బయటపడ్డాయి. లెక్క పెంచి రాశారేమో గానీ, అక్కడ ఊరుందన్నది ఖాయం. పర్యాటకులు ఫొటో తీసుకుని పోయే ఆ చెట్ల నీడలోనే వేలమంది వంటా వార్పూ సాగించారు. ఒక గుమ్మం పక్క చిన్న వృత్తంలో చెక్కిన జంతువును చూసి రాక్షసబల్లి అని కేకలు వేసేవాళ్లకు ఈ ఊరు కనపడదు. దాని వీపు మీది ముళ్లు వెనకనున్న ఆకుల అలంకారం కావచ్చన్న ఆలోచనా రాదు.

అంత ఊరున్న గుడిని మొత్తం తిరిగి కట్టేయవచ్చుగా అంటారు. 1931 నుంచి 1936 దాకా అంగ్‌కోర్‌లోనే బంతే స్రేయ్ అనే గుడిలో పడిపోయిన రాళ్లను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, వాటి చోట్లలో మళ్లీ నిలబెట్టారు. ఆ గుడి చిన్నది, పైగా నెత్తిన ఇలాంటి చెట్ల బరువు లేదు. తా ప్రోమ్‌లో ఆ పని చేయాలంటే ముందు చెట్లు కొట్టాలి, కొడితే మిగిలిన గోడలూ నిలవవు. అందుకే కంబోడియా అధికారులతో కలిసి ఇక్కడ పనిచేస్తున్న మన భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఎంచుకున్న చోట్లలోనే రాళ్లు సర్దుతోంది. నాట్యమండపాన్ని అలాగే నిలబెట్టింది. ఆ మరమ్మతు వల్ల అందం పోయిందని గొణిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నచ్చిన శిథిలం కూడా మరమ్మతుల మీదే నిలిచి ఉంది. పైగా చెట్లకూ ఆయుష్షుంటుంది. పెద్ద చెట్టు ఒక్కటి ఒరిగిన రోజున కింద ఉన్న మండపాన్ని ఏం చేయాలో మళ్లీ కొత్తగా తేల్చుకోవలసిందే.