వీరగల్లు నుంచి విగ్రహం దాకా

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చెరువు కట్ట మీదో, పొలిమేరలోనో, పాత శివాలయం ముంగిటో నిలబెట్టిన చెక్కుడు రాయి కనబడితే అది వీరగల్లు కావచ్చు. కింది అరలో కత్తీ డాలూ పట్టి కలబడుతున్న మనిషి ఉంటాడు. కొన్నింటిలో అతని పక్కన ఆవుల మంద. మధ్య అరలో అప్సరసలు అతన్ని చెరో పక్కనా పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్నదీ అతనే. ఇప్పుడు కొన్నిచోట్ల పసుపు కుంకుమలు పెట్టి దేవుడిగా కొలుస్తున్నారు గాని, నిలిపిన నాడు అది ఒక చావుకు సాక్ష్యం. కందూరు చోడులు పానగల్లు, వర్ధమానపురం నుంచి ఏలిన కాలంలో ఈ మెట్టసీమ కల్యాణి చాళుక్యులకూ కాకతీయులకూ నడుమ నలిగింది. తర్వాత రాచకొండ, దేవరకొండ వెలమ రాజుల నాడు బహమనీలతో పోరు. కృష్ణకు ఆవలి ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలనే స్మారక స్తంభాల్లో కొన్ని సైనికులకూ సేనానులకూ నిలిపినవే. అంటే పడిపోయినవాడికి రాయి నిలపడం ఈ నదీతీరంలో పదహారు వందల ఏళ్లకు పైబడిన ఆనవాయితీ.

ఈ ఆనవాయితీని రాతివరకే చూస్తే సగమే చూసినట్టు. మంద కోసం కొట్లాడి పడ్డవాడికీ, దొంగల్ని అడ్డుకుని పడ్డవాడికీ రాయి దక్కింది. దానికి అతను రాజో దండనాయకుడో కానక్కర్లేదు. తెలుగు, కన్నడ నేలల్లో పడ్డవాడి ఇంటివారికి భూమి ఇచ్చిన దాఖలాలు శాసనాల్లో ఉన్నాయి. దాన్నే రక్తమాన్యం అన్నారు. వీరగల్లు వెనుక ఉన్నవి రెండు మాటలు: హోదా చూడకుండా గుర్తింపు, వెనుక మిగిలినవాళ్లకు బతుకుదెరువు. మన కాలపు స్మారకాలను తూచడానికి ఇంతకంటే సరైన తూనికరాయి లేదు.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. తుపాకులు పేలని ఆ కొట్లాటలో 16 బిహార్ బెటాలియన్‌కు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఇది అచ్చంగా రక్తమాన్యమే. ఏడాది తిరిగేసరికి సూర్యాపేట కూడలిలో విగ్రహం లేచింది. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర దక్కింది. అదే రాత్రి పడిన మిగతా 19 మందికి ఇదే ప్రభుత్వం ప్రకటించింది తలా 10 లక్షలు. వాళ్లు వేరే రాష్ట్రాలవాళ్లు, వాళ్ల ప్రభుత్వాలు చూసుకుంటాయి, తన బిడ్డ కాని వాడికి ఇంతైనా ఇచ్చింది తెలంగాణే కదా అనొచ్చు. నిజమే, ఆ ఉదారతను తక్కువ చేయలేం. కానీ జనం నోట నిలిచిన పేరు ఒక్కటేనన్నది కూడా అంతే నిజం.

ఇది గల్వాన్‌తో మొదలైంది కాదు. 1993 నవంబరులో కొల్లాపూర్ ప్రాంతంలోని సోమశిల దగ్గర నక్సలైట్ల మందుపాతరకు మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు బలయ్యారు. దారికాచి చేసిన ఆ దాడి ఆయన పేరు మీదే గుర్తుంది. ఆయనతో పోయిన పోలీసులు "మరికొందరు" అన్న మాటలో కలిసిపోయారు. హోదా ఉన్నవాడి పేరు నిలవడం ఎక్కడైనా ఉన్నదే, ఒక్క మనిషి ముఖం ఉంటేనే జనానికి దుఃఖం తెలుస్తుంది అనేవాళ్లున్నారు. అయితే ఇంకో దారీ మన కళ్లముందే ఉంది. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికులు మాటువేసి పదిమంది పోలీసులను చంపారు. ఆ రోజునే పోలీసు అమరుల సంస్మరణ దినంగా జరుపుతున్నారు. ఆ ఏడు విధినిర్వహణలో పోయినవాళ్ల పేర్లు, కానిస్టేబుల్‌తో సహా, పరేడ్‌లో చదువుతారు.

వీరగల్లును ఆకాశానికెత్తడం తగదన్న అభ్యంతరం బలమైనదే. రాజులకు చావడానికి మనుషులు కావాలి, అప్సరసల ఆశ, మాన్యం ఆశ అందుకు ఎర అని చెప్పొచ్చు. ఎన్నో రాళ్ల మీద పేరైనా లేదన్నదీ వాస్తవం. అంత మాత్రాన గుర్తింపు, బతుకుదెరువు అన్న ఆ రెండు మాటల లెక్క చెల్లకుండా పోదు. ఎర అయినా సరే, ఇచ్చిన మాట ఊరందరి ఎదుట రాయిగా నిలిచింది, మాట తప్పితే చూపించి అడగడానికి ఒక గుర్తు మిగిలింది. ఈనాటి విగ్రహాన్నీ అలాగే చదవాలి. దాని పీఠం మీద తోడుగా పడ్డవాళ్ల పేర్లన్నీ ఉండాలి, ఆ వరసలో చివరి పేరుగలవాడి ఇంటికి ఏం చేరిందో ఎవరు అడిగినా ప్రభుత్వం చెప్పగలగాలి. మాన్యం లేకుండా రాయి నిలిపి ఊరుకోవడం ఈ సీమ ఆనవాయితీ ప్రకారం సగం పనే.