సావుకారు కొట్టు నుంచి డిపో దాకా: మా ఊరి పాత ఇంటి కథ

ఈ పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

మేం పార్వతీపురం మన్యం జిల్లా కొండల్లో, జాతాపులు, సవరలు కలిసి బతికే ఒక చిన్న ఊరి పిల్లలం. ఐదుగురం ఒకే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న వేసవి సెలవుల్లో ఊరంతా కలిసి పాత డిపో ఇంటిని బాగుచేసుకున్నాం. ఇసక మోస్తూ పెద్దోళ్ల దగ్గర విన్నవి, హాస్టలుకు వచ్చాక లైబ్రరీలో చదివినవి కలిపి ఇది రాస్తున్నాం.

డిపో అంటే ఏజెన్సీ వాళ్లకు చెప్పక్కర్లేదు. గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, ఊళ్లలో పెట్టిన డీఆర్ డిపో. డీఆర్ అంటే డొమెస్టిక్ రిక్వైర్‌మెంట్స్, ఇంటి అవసరాలు. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, సబ్బు అక్కడ దొరికేవి. కిరాణా కొట్టుకీ డిపోకీ తేడా ఒకటుంది. కిరాణా కొట్టు మనకు అమ్ముతుంది. డిపో మనకు అమ్మేది, మన దగ్గర కొనేది కూడా. చింతపండు, కొండచీపుర్లు, కరక్కాయ, కుంకుడుకాయ, తేనె తెచ్చి తూకం వేయించి, వచ్చిన డబ్బుతో సరుకులు కొనుక్కుని కొండెక్కేవాళ్లు.

మరి డిపోకి ముందు కొట్టు లేదా అంటే ఉంది. అది సావుకారు కొట్టు. మైదానం నుంచి వచ్చిన సావుకారు వానాకాలంలో ఉప్పు, ఎండుచేపలు, పొగాకు, బట్ట అప్పుగా ఇచ్చేవాడు. కోతలయ్యాక పంట, చింతపండు తీసుకుపోయేవాడు. ఎంత ఇచ్చాడో, ఎంత తీసుకున్నాడో అతని పుస్తకంలోనే ఉండేది. ఆ పుస్తకం చదవగలిగినవాళ్లు మన ఊళ్లలో లేరు. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు ఇంకో కుంచం ఉండేదని మా తాతలు ఇప్పటికీ చెప్తారు. అప్పు తీరకపోతే పొలం పోయేది, పొలం పోయాక మనిషే పాలేరుగా పోయేవాడు. ఉప్పుతో మొదలైన అప్పు భూమితో ముగిసేది.

ఇది ప్రభుత్వాలకు తెలియని సంగతేం కాదు. ఏజెన్సీలో వడ్డీ, భూమి బదిలీల మీద మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. కాగితం మీద చట్టం ఉన్నా సంతలో మాట సావుకారుదే. ఎందుకంటే ఉప్పు అతని దగ్గరే ఉంది. ఇంకో కొట్టు లేనిచోట చట్టం ఒక్కటే ఏం చేస్తుంది?

ఆ ఇంకో కొట్టే 1956లో వచ్చింది. ఆ ఏడాది విశాఖపట్నం కేంద్రంగా ఈ సహకార సంస్థ పుట్టింది. దేశానికంతా ఒకే తూనికలు ఉండాలని పార్లమెంటు చట్టం చేసింది కూడా 1956లోనే. తర్వాత కొన్నేళ్లకు వీశలు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. కొత్త కొట్టు, కొత్త తూకంరాయి దాదాపు కలిసే మన కొండలెక్కాయి. మాకైతే సరుకుల కన్నా ఆ తూకంరాయే పెద్ద సంగతి అనిపించింది.

అయినా సావుకార్లు వెంటనే కొండ దిగిపోలేదు. తాకట్టు భూములు, అప్పులు, కూలి కోసం గిరిజన సంఘం పోరాడాల్సి వచ్చింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న మనవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత జరిగిన శ్రీకాకుళం పోరాటం అందరికీ తెలిసిందే. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా కట్టడి బిగించిన 1/70 వచ్చింది ఆ రోజుల్లోనే. 1979లో ఇంకో రెగ్యులేషన్ తెచ్చి, అటవీ ఉత్పత్తులు కొనే హక్కు ఈ సంస్థకే ఇచ్చారు. అంటే డిపో ఎవరో దయతో పెట్టిన దుకాణం కాదు. దాని వెనకాల ప్రాణాలున్నాయి.

ఇక మా ఊరి ఇంటి సంగతి. అది మా తాతలు శ్రమదానంతో కట్టి డిపోకి ఇచ్చింది. రాతి పునాది, ఎత్తు అరుగు, సున్నం గోడలు, మద్ది వాసాలు, పైన పెంకులు. డిపో రోడ్డు పక్క కొత్త బిల్డింగులోకి మారాక ఇల్లు ఊరి చేతికొచ్చింది. చాన్నాళ్లు మేకలు కట్టారు. కిందటి వానలకు ఒక మూల పైకప్పు కూలింది. కూలగొట్టేద్దాం అన్నవాళ్లూ ఉన్నారు. ముసలోళ్లు ఒప్పుకోలేదు.

ముందు చెద పట్టిన వాసాలు తీసి కొత్తవి వేశాం. పెంకులు ఒక్కొక్కటీ దించి, కడిగి, పగలనివి మళ్లీ ఎక్కించాం. గోడలకు సిమెంటు పూసేస్తే పని తొందరగా అయిపోతుందనుకున్నాం. పాత మేస్త్రి తాత వద్దన్నాడు. సున్నం గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక గోడ ఉబ్బిపోతుందట. అందుకని సున్నమే నానబెట్టాం. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి పూశాం. చేతులు మండిపోయాయి గానీ పని నేర్చుకున్నాం.

తలుపు పక్క గోడ మీద బొగ్గుతో గీసిన నిలువు గీతలు కనిపించాయి. ఐదు గీతలకు ఒక అడ్డగీత, వరసలు వరసలుగా. పిచ్చిగీతలనుకుని గీకబోతుంటే మేస్త్రి తాత కేకేశాడు.

“ఒరే గుంటలూ, ఆగండ్రా! అది మీ మామ్మల లెక్క. ఎన్ని బస్తాల సింతపండు తూకానికి పెట్టారో ఆలే గీసుకున్నారు. సావుకారి కాడ మోసపోయినోలు కదా, ఎవరు రాసినా తమ లెక్క తమకుండాలని.”

మాకు నోట మాట రాలేదు. అక్షరం రాని మామ్మలు గోడనే పుస్తకం చేసుకున్నారు. ఆ జానెడు గోడకు సున్నం పూయకుండా అలాగే వదిలేశాం.

ఇల్లు బాగయ్యాక అసలు తగవు మొదలైంది. కింద నుంచి ఒక వ్యాపారి వచ్చి గొడౌనుకి ఇవ్వండి, నెలనెలా అద్దె ఇస్తానన్నాడు. ఊరికి డబ్బు అవసరమే, కొందరు సరేనన్నారు. మేం గ్రామసభలో లేచి మాట్లాడాం. కాళ్లు వణికాయి. 1/70 ప్రకారం అమ్మకమే కాదు, లీజు కూడా బదిలీ కిందికే వస్తుందని చెప్పాం. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం అటవీ ఉత్పత్తుల మీద హక్కు మనదేనంటున్నాయని చెప్పాం. హక్కు ఉన్నా దాచుకునే చోటు లేకపోతే చెట్టు దులిపిన వారానికే వచ్చిన ధరకు అమ్ముకోవాలి. నాలుగు నెలలు ఆగగలిగితే మంచి ధర అడగొచ్చు. ఈ ఎత్తు అరుగు, చల్లటి గోడలు అందుకే పనికొస్తాయి.

చివరికి సభ ఒక మాట మీదికొచ్చింది. వచ్చే చింతపండు సీజను ఒక్కటి మహిళా సంఘానికి ఇస్తారు. లెక్క సరిగ్గా తేలితే ఇల్లు వాళ్లకే ఉంటుంది. తేలకపోతే మళ్లీ సభ కూర్చుంటుంది. పుస్తకం రాసే బాధ్యత మా మీద పెట్టారు. సెలవు దొరికినప్పుడల్లా ఊరెళ్లి, పదో తరగతి చెల్లెళ్లకు కూడా రాయడం నేర్పాలని అనుకున్నాం.

పరీక్షల భయం కన్నా ఇప్పుడు ఈ భయమే ఎక్కువగా ఉంది. మా మామ్మల గీతల్లో తప్పు లేదు. మా పుస్తకంలో కూడా ఉండకూడదు.

మీ ఊళ్లల్లో కూడా పాత డిపో ఇళ్లు ఉంటే కూలగొట్టే ముందు ఒకసారి ముసలోళ్లను అడగండి. గోడలు కూడా చూడండి.

జోహార్.