డేటా సెంటర్ల విలీనం అంటే ఏమిటి? ఘనపూర్ ఖాతాదారుకు దాంతో పనేంటి?

2025 జనవరి 1న ఏపీజీవీబీ తెలంగాణ శాఖలు 493 తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. మొత్తం శాఖలు 928 అయ్యాయి. జనగామ జిల్లా స్టేషన్ ఘనపూర్ అయినా, భూపాలపల్లి జిల్లా ఘనపూర్ అయినా, పాత వరంగల్ జిల్లా అంతా అప్పటిదాకా ఏపీజీవీబీ పరిధిలోనే ఉండేది. మారింది బోర్డు ఒక్కటే కాదు. ఖాతాల లెక్కలు కూడా ఒక కంప్యూటర్ వ్యవస్థ నుంచి ఇంకోదానికి వెళ్లాయి.

విలీనం ఎందుకు?

ఒకప్పుడు ఏ శాఖ లెక్క ఆ శాఖలోనే ఉండేది. కోర్ బ్యాంకింగ్ వచ్చాక అన్ని శాఖల లెక్కలు ఒకే డేటా సెంటర్‌కు చేరాయి. ఇంటింటికీ తిరగలి బదులు ఊరికి ఒక పిండి గిర్నీ పెట్టినట్టన్నమాట. విడివిడి సర్వర్లు చాలాసేపు ఖాళీగా ఉన్నా కరెంటు, ఏసీ ఖర్చు తప్పదు. 2007లో ఐబీఎం తన సొంత సర్వర్లు 3,900 వరకు తీసేసి, ఆ పనిని దాదాపు 30 మెయిన్‌ఫ్రేమ్‌లకు మార్చే పథకం ప్రకటించింది. కరెంటు 80 శాతం ఆదా అవుతుందని అంచనా వేసింది.

మెయిన్‌ఫ్రేమ్ పాతబడిందా?

లేదు. ఒకేసారి లక్షల లావాదేవీలు ఆగకుండా నడిపే పెద్ద కంప్యూటర్ ఇది. 1964లో ఐబీఎం సిస్టం/360తో ఈ వరుస మొదలైంది. 2022లో వచ్చిన జెడ్16లో 200 కోర్లు, 40 టెరాబైట్ల మెమరీ వరకు పెట్టుకోవచ్చు. దీంతోపాటు అద్దెకిచ్చే క్లౌడ్ కూడా పెరిగింది. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది.

లాభం, ముప్పు

ఏ శాఖలోనైనా డబ్బు తీసుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది. కానీ గిర్నీ ఆగితే ఊరంతా ఆగుతుంది. 2024 జూలై చివర్లో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలిచ్చే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై రాన్సమ్‌వేర్ దాడి ప్రభావం పడింది. దాంతో ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరు చేసింది. దాదాపు 300 బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం సేవలకు ఇబ్బంది కలిగింది. ఆగస్టు 1న పునరుద్ధరించారు. అందుకే లెక్కల నకలు వేరే ఊళ్లోని రెండో సెంటర్‌లో ఉంచుతారు.

మీరు చూసుకోవాల్సినవి

- పాస్‌బుక్‌లో పేరు, ఖాతా నంబర్, కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ సరిచూసుకోండి. పేరు స్పెల్లింగ్ ఆధార్‌తో కలవకపోతే స్కాలర్‌షిప్, పింఛను ఆగే ప్రమాదముంది.
- గల్ఫ్ నుంచి డబ్బు పంపే మనోళ్లకు కొత్త కోడ్ చెప్పండి.
- పాత చెక్కుబుక్కు చెల్లుతుందో లేదో శాఖలో అడగండి.
- విలీనం పేరుతో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దు. బ్యాంకు ఓటీపీ అడగదు.

లెక్క ఎంత పెద్ద యంత్రంలో ఉన్నా, తప్పు ముందుగా కనబడేది ఖాతాదారు పాస్‌బుక్‌లోనే. ఇంట్లో పెద్దవాళ్ల పాస్‌బుక్ కూడా ఒకసారి తీసి చూడండి.