పొదిలి మెట్టలో పంపుసెట్ల విద్యుత్తు: వాహన ఛార్జింగు ప్రశ్నకు చారిత్రక భూమిక

విద్యుత్ కార్లు విస్తరిస్తే వాటి ఛార్జింగు భారాన్ని గ్రిడ్డు మోయగలదా అన్నది కొత్త ప్రశ్నగా కనిపిస్తుంది. పొదిలి వంటి మెట్ట ప్రాంతాలకు ఇది పాతదే. ఇంట్లో కారును నెమ్మదిగా ఛార్జి చేయడానికి సుమారు 3.3 కిలోవాట్లు కావాలి. 5 అశ్వశక్తి మోటారు సామర్థ్యం సుమారు 3.7 కిలోవాట్లు. విద్యుత్ భారం దృష్ట్యా ఒక కారు ఒక బోరు మోటారుకు దాదాపు సమానం. అందువల్ల పంపుసెట్ల చరిత్రను ఇక్కడ పరిశీలించవలసి ఉంది.

పొదిలి 1970లో నెల్లూరు జిల్లా నుంచి విడివడి, తరువాత ప్రకాశం అనే పేరు పొందిన జిల్లాలో చేరింది. వర్షాధారమైన ఈ నేలలో బావులు, బోర్ల కింద సాగుకు విద్యుత్తే ఆధారమైంది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు పల్లెలకు లైన్లు విస్తరించింది. 1982లో వ్యవసాయానికి మీటరు రీడింగు స్థానంలో అశ్వశక్తిని బట్టి శ్లాబు రేటు వచ్చింది. 2004లో ఉచిత విద్యుత్తు అమలైంది. ఇవి రైతుకు ఊరటనిచ్చాయి. అయితే మీటరు లేనందున ఏ ట్రాన్స్‌ఫార్మరుపై ఎంత భారం పడుతున్నదో కచ్చితంగా లెక్కించే ఆధారం లేకుండా పోయింది.

25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు 5 అశ్వశక్తి మోటార్లను అయిదారింటిని మాత్రమే భరించగలదు. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. సరఫరా రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా తిరగడంతో వోల్టేజి పడిపోయేది, మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ కాలిపోయేవి. విద్యుత్ కేంద్రాల్లో ఉత్పత్తి చాలినంత ఉన్న రోజున కూడా ఊరి చివర ఈ ఇబ్బంది తప్పేది కాదు. ఫీడర్లను విభజించి వంతులవారీగా సరఫరా చేయడం, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లతో అధిక వోల్టేజి పంపిణీ పద్ధతిని తేవడం ఈ అనుభవం నుంచి పుట్టిన పరిష్కారాలే.

కేంద్ర ప్రభుత్వం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు సౌరవిద్యుత్తు లభించే పగటివేళ ధర తగ్గించాలనీ, గిరాకీ హెచ్చుగా ఉన్న వేళ పెంచాలనీ నిర్దేశించాయి. వ్యవసాయాన్ని ఇందులో మినహాయించారు. ఛార్జింగును పగటికి మళ్లించడానికి ఇది తోడ్పడే మార్గమే. అయితే చౌక ధర మొదలయ్యే నిమిషానికే కార్లన్నీ టైమరుతో ఛార్జింగు ప్రారంభిస్తే ఆటో స్టార్టర్ల కథ పునరావృతమవుతుంది. మోటారుకు ఉండే తొలి ఉద్ధృతి కారుకు లేకపోయినా, భారమంతా ఒకే వేళ పడటం మాత్రం సమానమే.

కాబట్టి గ్రిడ్డు మోయగలదా అన్న ప్రశ్నకు సమాధానం ఉత్పత్తి లెక్కల్లో మాత్రమే దొరకదు. వీధి ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం, ప్రతి కనెక్షనుకూ మీటరు, కార్ల మధ్య ఛార్జింగు వేళల వంతు: ఈ మూడింటిని ముందుగా సమకూర్చుకోగలిగితేనే మోయగలదు. పంపుసెట్ల విషయంలో ఇవి నష్టం జరిగిన తరువాత ఆలోచనకు వచ్చాయి.