మొసళ్ళ బ్యాంకులో మా తాత అడిగిన ప్రశ్న

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇది టూర్ ముచ్చట లాగా మొదలవుతుంది గానీ, నిజానికి మన చరిత్ర గురించే.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో అందరం మద్రాసు మొసళ్ళ బ్యాంకు చూడ్డానికి పోయినాం. నాయన, అమ్మ, చెల్లి, నేను, మా తాత. మాది సూళ్ళూరుపేట దగ్గర ఊరు, యానాదులం. తెల్లారుజామున లోకల్ రైలెక్కి మద్రాసులో దిగి, అక్కడినుంచి మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దాకా బస్సులో పోయినాం. మద్రాసు నుంచి సుమారు 40 కిలోమీటర్లు, సముద్రం ఒడ్డునే. తాతకి రావడం ఇష్టం లేదు. "మొసళ్ళని దుడ్లిచ్చి చూసేదేందిరా" అన్నాడు. "పాములు కూడా ఉంటాయి తాతా" అన్నాను. ఇంకేం మాట్లాడకుండా చొక్కా తొడుక్కున్నాడు.

లోపల మొసళ్ళు ఒకదాని మీద ఒకటి పడుకోని ఉన్నాయి. చెల్లి "బొమ్మలేమో, కదలడంలేదు" అంటుండగానే ఒకటి నోరు తెరిచింది, అంతే, అమ్మ వెనక దాక్కుంది. దీన్ని బ్యాంకు అని ఎందుకంటారో చెప్తాను. 1970 నాటికి మన దేశంలో ఉన్న మూడు రకాల మొసళ్ళూ, అంటే మంచినీళ్ళ మొసలి, ఉప్పునీళ్ళ మొసలి, ఘరియల్, తోలు కోసం వేటాడి వేటాడి అంతరించిపోయే దశకి వచ్చినాయి. 1975లో కేంద్ర ప్రభుత్వం మొసళ్ళ సంరక్షణ పథకం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాదే, 1976లో, రోములస్ విటేకర్, జాయ్ విటేకర్, ఇంకా కొందరు మిత్రులు కలిసి ఈ బ్యాంకు పెట్టారు. కొన్ని మొసళ్ళని దాచిపెట్టి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి పెద్దచేసే చోటు. డబ్బు దాచి పెంచినట్టే అన్నమాట. అందుకే ఆ పేరు.

అయితే నేను రాయాలనుకున్నది మొసళ్ళ గురించి కాదు. ఆ ఆవరణలోనే ఒక మూల ఇంకో చిన్న టికెట్ ఉంటుంది. పాముల విషం తీసేది చూపిస్తారు. చుట్టూ గోడ, మధ్యలో ఇసుక, వరసగా మట్టి కుండలు. కుండ మూతికి గుడ్డ కట్టి ఉంటుంది. ఒక్కో కుండలో పాము. ఒకాయన చేతిలో చిన్న కొక్కెం పట్టుకోని, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా, కుండలోనుంచి నాగుపాముని ఇసుకలోకి దించాడు. తర్వాత రక్తపింజరి. తర్వాత కట్లపాము. చివర్లో పొలుసులు రుద్దుకుంటూ బరబరా శబ్దం చేసే చిన్నపింజరి. మనుషుల్ని ఎక్కువగా చంపేవి ఈ నాలుగే అని చెప్పారు. పాము తల పట్టుకోని, పల్చటి పొర కట్టిన గాజు పాత్ర అంచుకి కోరలు ఆనించగానే పసుపుపచ్చగా చుక్కలు కారినాయి. జనం చప్పట్లు కొట్టారు. తాత కొట్టలేదు. గోడమీదికి ఒంగి ఆయన చేతులే చూస్తా ఉన్నాడు.

ఆ చేతులు ఇరుళర్లవి. తమిళనాడులో ఉండే ఆదివాసులు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో బాగా వెనకబడిన ఆరు ఆదిమ తెగల్లో ఒకరు. ఇరుళ్ అంటే చీకటి, మన తెలుగులో ఇరులు అన్నా అదే. చెంగల్పట్టు, తిరువళ్ళూరు వైపు ఊళ్ళలో ఎక్కువగా ఉంటారు. తిరువళ్ళూరు దాటితే మన సూళ్ళూరుపేటే. వాళ్ళ పనులు వింటే మన పనులే అనిపిస్తాయి. పొలం గట్లమీద పొగకుండ పెట్టి ఎలకలు పట్టడం, మందు చెట్లు గుర్తుపట్టడం, తోటలకి కాపలా, పాము జాడ చూసి ఏ బొక్కలో ఉందో చెప్పడం. 1909లో థర్స్టన్ దొర దక్షిణ భారతంలో కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చేశాడు. అందులో వాళ్ళూ ఉన్నారు, మనమూ ఉన్నాం. వేరేవాళ్ళు చూసి రాసినట్టుగా ఉన్నాం. మనం చెప్పినట్టుగా కాదు.

ఇప్పుడు అసలు చరిత్రకి వస్తాను. ఒకప్పుడు పాము చర్మానికి విదేశాల్లో మంచి గిరాకీ. బ్యాగులు, బూట్లు, బెల్టులు చేసేవాళ్ళు. మద్రాసు ఆ వ్యాపారానికి పెద్ద కేంద్రం. ఏటా లక్షల చర్మాలు పోయేవి. పట్టేది ఇరుళర్ల లాంటి వాళ్ళు. చర్మానికి వాళ్ళకి వచ్చేది కొద్ది డబ్బులు, లాభమంతా తోలు మండీ వాళ్ళకీ, ఎగుమతి కంపెనీలకీ. మా తాత పడుచుతనంలో మా వైపు కూడా సైకిలు మీద ఒక వ్యాపారి వచ్చేవాడంట. జెర్రిపోతు చర్మం, నాగుపాము చర్మం కొనుక్కోని పోయేవాడంట. ఈ సంగతి తాత మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు గోడ పక్కన నిలబడి మొదటిసారి చెప్పాడు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాము చర్మాల ఎగుమతి ఆపేశారు. చట్టం తప్పని నేను అనడంలేదు. పాములు తగ్గిపోతే ఎలకలు పెరిగి పంటలు పోతాయి, అది మనవాళ్ళకి చట్టం కంటే ముందే తెలుసు. అయితే చట్టం వచ్చిన రోజు ఎవరికి ఏం జరిగిందో చూడండి. ఎగుమతి చేసేవాడు ఇంకో వ్యాపారం పెట్టుకున్నాడు. పాము పట్టేవాడికి మాత్రం నిన్నటిదాకా కూడు పెట్టిన పని తెల్లారేసరికి నేరమైపోయింది. వేరే పని చూపించినవాళ్ళు లేరు. భూమి లేదు, చదువు లేదు. తాత మాటల్లో చెప్పాలంటే, "చట్టం వచ్చిందని మాకెవురు చెప్పినారు? సైకిలోడు రావడం ఆపినాడు, అంతే."

ఇరుళర్ల కథ ఇక్కడ వేరే దారి తిరిగింది. పాము పట్టడంలో తనకి గురువులు ఇరుళర్లేనని విటేకరే చాలాసార్లు చెప్పాడు. ఆయనా, ఇరుళర్లూ కలిసి ఒక ఆలోచన చేశారు. పాముని చంపి చర్మం అమ్మేబదులు, ప్రాణంతో పట్టి విషం తీసి, మళ్ళీ వదిలేస్తే? అలా 1978లో ఇరుళర్ పాములు పట్టేవాళ్ళ పారిశ్రామిక సహకార సంఘం రిజిస్టర్ అయింది. సభ్యులు ఇరుళర్లే. తమిళనాడు పరిశ్రమల శాఖ కింద నడుస్తుంది. ఏడాదికి ఏ రకం పాములు ఎన్ని పట్టొచ్చో అటవీ శాఖ అనుమతి ఇస్తుంది. తెచ్చిన పాముని మూడు నాలుగు వారాలు కుండలో ఉంచుతారు, వారానికోసారి విషం తీస్తారు. మళ్ళీ అదే పాముని పట్టకుండా పొట్టకింద పొలుసు మీద గుర్తు పెట్టి వదిలేస్తారు. తీసిన విషాన్ని ఎండబెట్టి పొడిచేసి మందుల కంపెనీలకి అమ్ముతారు. వాళ్ళు దాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కించి, గుర్రం రక్తంలో తయారైన విరుగుడుని తీసి ఇంజెక్షన్ చేస్తారు. మన దేశంలో పాముకాటు మందుకి వాడే విషంలో ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి ఈ సంఘం నుంచే పోయింది.

ఒక్క లెక్క చెప్తాను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సగటున ఏడాదికి 58,000 మంది చనిపోయారని 2020లో ఒక పరిశోధన తేల్చింది. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చనిపోయేవాళ్ళు ఎవరు? పొలాల్లో పనిచేసేవాళ్ళు, నేలమీద పడుకునేవాళ్ళు. అంటే మనమే.

మా ఇంట్లో కూడా ఒకరున్నారు. మా చిన్నతాత. తాతకి సొంత తమ్ముడు. వానాకాలం రాత్రి గుడిసెలో నిద్రపోతుంటే కట్లపాము కరిచింది. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, వాపు రాదు. తెల్లారేదాకా మంత్రం వేశారు, పసరు పోశారు. ఆసుపత్రికి బండి కట్టేలోపే మాట పడిపోయిందంట. తాత పామేదో చూసి చెప్పగలిగాడు గానీ, మందు ఆయన చేతిలో లేదు.

విషం తీసేది అయిపోయినాక జనం వెళ్ళిపోయారు. తాత పోలేదు. ఆ ఇరుళర్ ఆయన్ని చెయ్యూపి పిలిచాడు. ఆయనది తమిళం, తాతది తెలుగు. అయినా పది నిమిషాలు మాట్లాడుకున్నారు. సగం చేతులతోనే. జెర్రిపోతు పోయిన జాడ ఎట్లా ఉంటుందో తాత ఇసుకలో వేలితో గీశాడు. ఆయన నవ్వి పక్కనే ఇంకో గీత గీశాడు, నాగుపాముదంట. తర్వాత తాత కట్లపాము కుండ చూపించి అడిగాడు, "దీని విషంతో చేసిన సూది ఉండుంటే మా తమ్ముడు బతికేవోడా?" ఆయనకి ఏం అర్థమైందో తెలియదు. కొంచెం తెలుగు వచ్చిన ఇంకో అబ్బాయి తమిళంలో చెప్పాడు. ఆయన కాసేపు ఊరుకోని, "టైముకి పోయుంటే" అన్నాడు. తాత తల ఊపాడు. బస్సులో వచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు.

ఇరుళర్ల కథ ఇక్కడితో ఆగలేదు. 2017లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక చిక్కు వచ్చింది. అక్కడి చిత్తడి అడవుల్లో బర్మా కొండచిలువలు పెరిగిపోయి ఉన్న జంతువుల్ని మింగేస్తున్నాయి. పట్టడం వాళ్ళ చేతకాలేదు. మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళర్లని పిలిపించుకున్నారు. వాళ్ళు మొదటి రెండు వారాల్లోనే 13 కొండచిలువల్ని పట్టారు. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బడి చదువు లేనోళ్ళ చదువుకి దేశం ఇచ్చిన గౌరవం అది.

అన్నీ బాగున్నాయని చెప్పడంలేదు. అనుమతి కాగితం ఆలస్యమైతే ఆ ఏడాది పని లేనట్టే. ఒక ప్రాంతం పాము విషంతో చేసిన మందు ఇంకో ప్రాంతం పాముకి అంత బాగా పనిచేయకపోవచ్చని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. అంటే వేరే వేరే ప్రాంతాల పాముల విషం కూడా కావాలి. మరి ఆ ప్రాంతాల్లో పాముల జాడ తెలిసినవాళ్ళు ఎవరు? ఈ ప్రశ్న మన ఇళ్ళ ముందే ఉంది.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు తాత పొగకుండ భుజాన పెట్టుకోని బడి ముందునుంచి పోతుంటే, క్లాసులో ఒకడు "ఒరే ఎలకలోడా, మీ తాతరా" అన్నాడు. నేను కాదన్నాను. మా తాత కాదన్నాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లు లాగా ఉంది. మొసళ్ళ బ్యాంకులో ఊరూరి జనం టికెట్ కొని చూసి చప్పట్లు కొట్టింది ఆ పొగకుండ చదువునే.

అందుకని ఒక్క మాట అడుగుతున్నా. పాములు పట్టడానికి పోమని కాదు. అనుమతి లేకుండా పడితే నేరం, ప్రమాదం కూడా. ఎవరికైనా పాము కరిస్తే మంత్రాలు, పసర్లు వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనీయకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకోని పోండి. మా చిన్నతాతకి జరిగింది ఇంకొకరికి జరగకూడదు. కానీ మీ తాతల దగ్గర, అవ్వల దగ్గర కూర్చోండి. ఏ జాడ దేనిదో, ఏ ఆకు దేనికో, ఏ కాలంలో ఏది బయటికొస్తుందో అడిగి, పేరు, ఊరు, తారీకుతో రాసిపెట్టండి. ఫోన్లో రికార్డు చేయండి. 1909లో వేరేవాళ్ళు రాశారు. ఇప్పుడు మనం రాయాలి.

మా తాత చెప్పినవి రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఒక నోటుబుక్కులో 31 పేజీలయినాయి. మొన్న రాసుకుంటుంటే తాత పక్కన కూర్చోని అడిగాడు, "ఆ సంఘం మనూళ్ళో పెట్టాలంటే ఎవురికి అర్జీ ఇయ్యాలరా?"

నాకు జవాబు తెలియలేదు. కనుక్కుంటా అన్నాను. మీలో సహకార సంఘాల గురించి, అటవీ శాఖ అనుమతుల గురించి తెలిసినవాళ్ళుంటే చెప్పండి. తాత రోజూ అడుగుతున్నాడు.

జై ఆదివాసీ.