క్షణిక ఖగోళ ఘటనలు, వేధశాలల సమన్వయం: తెలుగు నేలపై చరిత్ర

కొన్ని సెకన్లు మొదలు కొన్ని వారాల వరకు మాత్రమే నిలిచి, వేగంగా వెలుగు మార్చుకునే ఆకాశ దృగ్విషయాలను క్షణిక ఖగోళ ఘటనలు అంటారు. నక్షత్ర విస్ఫోటనాలు, గామా కిరణాల మెరుపులు, న్యూట్రాన్ తారల కలయికలు, గ్రహం వెనుక నక్షత్రం మరుగుపడే ప్రచ్ఛాదనాలు, సంపూర్ణ సూర్యగ్రహణాలు ఈ కోవలోవి. తెల్లవారినా, మబ్బు పట్టినా పరిశీలన ఆగిపోతుంది కనుక ఒకే వేధశాల వీటిని ఆసాంతం చూడలేదు. అందువల్ల వేర్వేరు రేఖాంశాలలోని వేధశాలలు ఒకదాని నుంచి ఒకటి కబురు అందుకుంటూ చూపు కొనసాగించే పద్ధతి ఏర్పడింది. తెలుగు నేలపైని కడప జిల్లాకు, లడఖ్‌లో వేధశాల ఉన్న హాన్లేకు రేఖాంశం దాదాపు ఒకటే కావడంతో రెండు చోట్లా నడిరేయి ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది; ఆ వేళ చిలీలో మధ్యాహ్నం, హవాయిలో ఉదయం కనుక అక్కడి పెద్ద టెలిస్కోపులు చూడలేని ఆకాశం ఈ రేఖాంశంలోని వారి వంతు అవుతుంది.

తెలుగు నేలపై 12వ శతాబ్దిలో సూర్యసిద్ధాంతానికి తెలుగు వ్యాఖ్య రాసిన మల్లికార్జున సూరి నాటి నుంచి పంచాంగకర్తలు గ్రహణాలను ముందుగానే గణించి చెబుతూ వచ్చారు.

అయితే పలుచోట్ల నుంచి ఒకే ఘటనను గమనించడానికి ఇక్కడ తొలి పెద్ద ప్రయత్నం 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం వేళ జరిగింది. చంద్రుని నీడ బీజాపూరు ప్రాంతం మీదుగా వచ్చి గుంటూరు, మచిలీపట్నాలను తాకి సముద్రం మీదికి సాగింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఛాయాచిత్రాల కోసం వచ్చిన మేజర్ టెనెంట్ గుంటూరులో విడిది చేశారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో, ఆ వేధశాలకే చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో, జాన్ హెర్షెల్ జమఖండిలో పరికరాలు నిలిపారు. వీరందరూ ఒకే ఆజ్ఞ కింద పనిచేసినవారు కారు. అయినా ఒకచోట మబ్బు కమ్మినా మరోచోట ఫలితం దక్కేలా నీడ బాట పొడవునా నిలిచి ఉండడం వల్ల ఆ గ్రహణం వృథా పోలేదు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వేడి వాయువులేనని వర్ణపటం ద్వారా తేలింది. ఆ వర్ణపటంలోని గీతల ప్రకాశాన్ని చూసిన జాన్సెన్, గ్రహణం లేకుండానే వాటిని పరిశీలించవచ్చునని గ్రహించి, మరునాడే గుంటూరులో చేసి చూపాడు. అయితే ఆయన లేఖ పారిస్ అకాడమీకి చేరేసరికి రెండు నెలలు దాటింది; ఇంగ్లండులో శాస్త్రజ్ఞుడు లాకియర్ స్వతంత్రంగా సాధించిన అదే ఫలితం కూడా అదే రోజు, అక్టోబరు 26న, అక్కడికి అందింది. జ్వాలల్లో కనబడిన పసుపు గీతకు కారణమైన మూలకానికి తరువాత హీలియం అని పేరు వచ్చింది. 1895లో రసాయన శాస్త్రజ్ఞుడు రామ్సే దాన్ని భూమి మీద కనుగొన్నాడు.

ఈ జాప్యాన్ని తంతి చెరిపివేసింది. 1872 నవంబరు 27న యూరప్‌లో ఉల్కల వాన కురిసింది. అది బియెలా తోకచుక్క అవశేషాల వల్లనేనని తలచిన గోటింగెన్ శాస్త్రజ్ఞుడు క్లింకర్‌ఫ్యూస్, ఆ తోకచుక్కను దక్షిణాకాశంలో వెతకమని కోరుతూ మద్రాసులోని పోగ్సన్‌కు తంతి పంపాడు. మబ్బులు అప్పుడప్పుడే దారి ఇచ్చినా, డిసెంబరు 2, 3 తేదీల తెల్లవారుజామున పోగ్సన్ ఒక తోకచుక్కను చూడగలిగాడు. అది బియెలా కాదని తరువాత తేలినప్పటికీ, ఒక ఖండంలో కనబడిన ఘటనకు మరో ఖండపు టెలిస్కోపును రోజుల్లో తిప్పించిన ఈ ఉదంతం స్మరణీయమైనది. నక్షత్రాల వెలుగును కొలిచేందుకు, ఐదు ప్రమాణాల తేడా నూరు రెట్లకు సమానమనే కొలబద్దను 1856లో ప్రతిపాదించినదీ పోగ్సనే. ఉమ్మడి కొలత లేకపోతే వేర్వేరు వేధశాలల లెక్కలు ఒకచోట చేరవు. రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు మారుతోందని కనుగొన్నాడు. విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన సొంత వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని పరిశీలించి, వివరాలను లండనుకు పంపాడు.

హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, పారిస్ నుంచి మొదలైన అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పనిలో తన వంతు ఆకాశాన్ని ఫోటో తీసింది. అక్కడి ఉద్యోగి కుమారుడైన ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బాప్పు తరువాత తమిళనాడులోని కావలూరులో నెలకొల్పిన వేధశాల, యురేనస్ ఒక నక్షత్రాన్ని మరుగుపరచిన 1977 మార్చి 10 రాత్రి, యురేనస్ వలయాలను పట్టిచ్చిన పరిశీలనలలో పాలుపంచుకుంది.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంతో ఈ పరిశీలనలకు అంతరిక్షంలోనూ ఒక కన్ను ఏర్పడింది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారల కలయిక నుంచి గురుత్వ తరంగాలు అందిన 1.7 సెకన్లకు గామా మెరుపు కనబడింది. సుమారు 11 గంటలలో చిలీలోని ఒక టెలిస్కోపు ఆ కలయిక వెలుగును ఎన్‌జీసీ 4993 నక్షత్ర వీధిలో గుర్తించింది. భూమి అడ్డు రావడంతో ఆస్ట్రోశాట్‌కు ఆ మెరుపు అందలేదు. అందకపోవడమే వెతకవలసిన దిక్కును కుదించడానికి తోడ్పడింది. పలు దేశాల టెలిస్కోపులను కలిపే గ్రోత్ అనే కూటమిలో భాగంగా, భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, ఐఐటీ బొంబాయి కలిసి హాన్లేలో నెలకొల్పిన 0.7 మీటర్ల టెలిస్కోపు 2018లో ఆకాశాన్ని చూడడం మొదలుపెట్టింది. దానికి రాత్రంతా కాపలా ఉండే పరిశీలకుడు అక్కరలేదు.